చెరువు అడుగు మట్టి: కోనసీమ పల్లపు నేలల కథ

ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు లెక్కలూ, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలూ అయిపోయాక మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం వేసుకుంటున్నాం. ఈసారి మట్టి గురించి రాద్దామని కార్యవర్గం అనుకుంది. దానికి కారణం ఉంది. కిందటి ఎండాకాలం గ్రామ సంఘాల సమావేశాల్లో అప్పుల కంటే ఎక్కువసార్లు చెరువు మాటే వచ్చింది. పూడిక తియ్యాలా వద్దా, తీస్తే ఎంత లోతు తియ్యాలి, తీసిన మట్టి ఎవరికి పోవాలి అని గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. మాట్లాడేకొద్దీ ఒక సంగతి తెలిసొచ్చింది. నీళ్ల గురించి అందరం మాట్లాడతాం గానీ, ఆ నీళ్లని పట్టి ఉంచే మట్టి ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా తయారైందో మనలో చాలామందికి తెలియదు.

ఈ మట్టి పుట్టింది ఇక్కడ కాదు. గోదారి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొస్తుంది. ఆ పైప్రాంతమంతా దక్కను పీఠభూమి. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట భూమి పగిలి లావా పొంగి, పొరలు పొరలుగా గడ్డకట్టిన నల్లరాయి అది. ఆ రాయి ఎండకీ వానకీ చివికితే వచ్చేదే నల్లరేగడి. మన 'రేగడ' మాటే ఇంగ్లీషువాళ్ల నోట 'రెగర్' అయి భూమి శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది. దేశంలో నల్లనేలలకి ఆ పేరుతోనే పాఠాలు చెబుతారు. అంటే మన అమ్మమ్మలు వాడిన మాటనే మన పిల్లలు పరీక్షలో రాస్తున్నారన్నమాట.

వరదలో కొట్టుకొచ్చేది ఒక్క నల్లమట్టే కాదు, ఇసుకా ఉంటుంది, ఒండ్రూ ఉంటుంది. వీటిని వేరుచేసే పని నీళ్ల వేగానిది. ఏరు గట్టు దాటి పొంగినప్పుడు బరువైన ఇసుక ముందు పడిపోతుంది, గట్టు పక్కనే. ఒండ్రు ఇంకాస్త దూరం పోయి పడుతుంది. అన్నిటికన్నా సన్నని బంకరేణువులు, మిల్లీమీటరులో వెయ్యి వంతుల్లో రెండు వంతుల కంటే చిన్నవి, నీళ్లు కదులుతున్నంతసేపూ కిందికి దిగవు. నీళ్లు నిలిచిపోయినచోట, వారాల తరబడి నిలిచినచోట, అప్పుడు మెల్లిగా అడుగు చేరతాయి. నీళ్లు నిలిచేది ఎక్కడ? పల్లంలో. వరదకి నిండి ఎండాకాలానికి ఎండిపోయే లోతులేని మడుగుల్లో. ఏటా ఒక పలచటి పొర, కాగితమంత మందం. వేల ఏళ్లు అలా పడ్డ పొరలే ఇవాళ మనం సార్వా, దాళ్వా పండిస్తున్న నేల.

కోనసీమ పటం మీద ఊళ్ల పేర్లు చదివితే ఈ కథంతా అక్కడే ఉంది. లంక, తిప్ప, దిబ్బ అంటే మెరక. కాట్రేనికోన మండలంలో ఏకంగా పల్లం అనే ఊరే ఉంది. సముద్రం వెనక్కి తగ్గుతూ వచ్చినకొద్దీ ఒకప్పటి తీరం వెంబడి ఇసుకదిబ్బలు వరసలుగా మిగిలిపోయాయి. ఆ వరసల మీద ఇళ్లూ కొబ్బరితోటలూ వచ్చాయి, వరసల మధ్య పల్లాల్లో నీళ్లు నిలిచి బంకమట్టి చేరింది. అందుకే మన ఊళ్లు గుండ్రంగా ఉండవు, దిబ్బ వెంట పొడుగ్గా సాగి ఉంటాయి. ఇంటిముందు గునపం వేస్తే ఇసుక, ఇంటివెనక నాలుగు చేలు దాటి గునపం వేస్తే నల్లటి బంక. రెండింటి మధ్యా మూడు నాలుగడుగుల ఎత్తు తేడా ఉంటుందేమో, అంతే. ఆ మూడడుగులే మెరక రైతుకీ పల్లం రైతుకీ బతుకు వేరుచేశాయి. పల్లం చేలు ఎవరికి వచ్చాయో, దిబ్బ మీద చోటు ఎవరికి దొరకలేదో అడిగితే ఊళ్లో కులం కథ కూడా బయటికొస్తుంది. అది వేరే వ్యాసం అవుతుంది.

ఈ మట్టి గుణం ఊడ్పులకి దిగే ఆడవాళ్లకి చెప్పాల్సిన పని లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. బంకరేణువులు పలచటి రేకుల కట్టలు. పూతరేకుల మడతల్లాంటివి అనుకోండి. నీళ్లు ఆ రేకుల మధ్యకి దూరి వాటిని విడదీస్తాయి, ఎండలో నీళ్లు పోయాక అవి మళ్లీ దగ్గరికి నొక్కుకుంటాయి. అందుకే మే నెలలో చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు. పైమట్టి పొడి రాలి ఆ నెర్రెల్లో పడుతుంది, తొలకరికి నేల ఉబ్బి అన్నీ మూసుకుపోతాయి. ఇలా ఏటా కిందదీ పైదీ కలుస్తూ ఉంటుంది. మనిషి నాగలి పట్టకముందే ఈ నేల తనని తాను దున్నుకుంది. ఇంకాస్త లోతుకి పోతే మట్టి నలుపు పోయి నీలం కలిసిన బూడిదరంగు వస్తుంది, తవ్వగానే మురిగిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. అక్కడికి గాలి ఎన్నడూ చేరలేదని దానర్థం. వరివేళ్ల వెంబడి మాత్రం ఎర్రటి తుప్పుగీతలు కనపడతాయి, ఎందుకంటే వరిమొక్క తన వేళ్లలోంచి గాలిని కిందికి తీసుకుపోతుంది. అందుకే ఈ మడుగు అడుగున వరి బతుకుతుంది, వంగ బతకదు.

ఆనకట్ట రాకముందు ఈ పల్లాలు నిజంగా సగం చేలు, సగం చెరువులు. గోదారి పొంగితే నీటిలో, పొంగకపోతే నెర్రెల్లో. 1832-33లో వచ్చిన నందన కరువుని డొక్కల కరువు అని కూడా అన్నారు. గుంటూరుని పీడించింది గానీ గోదావరి ప్రాంతాన్నీ వదల్లేదు. ఆ దశాబ్దాల్లో జనం చనిపోయీ, వలసపోయీ రాజమండ్రి జిల్లా జనాభా తగ్గిపోయింది. పక్కనే ఏరు సముద్రంలోకి పోతుంటే చేను బీటలువారిన ఊళ్లు ఇవి. ఆర్థర్ కాటన్ లెక్కలు వేసి, ఒప్పించి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. బొబ్బర్లంక దగ్గర తలుపులు తెరిస్తే మధ్య డెల్టాకి, అంటే మనకి, నీళ్లు.

వైనతేయకి అవతల ఉన్న నగరం దీవికి కాలవ ఎలా పోవాలి అన్నది పెద్ద చిక్కు. దానికే గన్నవరం అక్విడెక్టు. 1850ల్లో హేగ్ అనే ఇంజనీరు 40 అడుగుల ఖానాలు 49 వేసి, నదిమీద కాలవని నడిపించాడు. రాజోలు వైపు ఊళ్లకి ఆ నీళ్లే ఆధారం. పాతదాని పక్కనే ఈమధ్య కాలంలో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉండి, దారినపోయేవాళ్లకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు నీళ్లు మోసే కట్టడానికి పెట్టడం మాకు సంతోషమే. ఆ ఖానాలకి రాయి మోసిన, సున్నం తొక్కిన ఆడకూలీల పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు.

కాలవ నీళ్లతో పాటు కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. ఎండాకాలం మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి చెరువు నింపుకోవాలి, మళ్లీ నీళ్లు వదిలేదాకా తాగేది ఆ చెరువే. కింద భూగర్భజలం చాలాచోట్ల ఉప్పు, ముఖ్యంగా అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు. తీపినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద, మధ్యలో బంకమట్టి మూత. తడిసి ఉబ్బిన బంకలోంచి నీళ్లు దాదాపు దిగవు. రెండు నెలలు ఊరి గొంతు తడిపింది ఆ మూత. ఇవాళ పైపులూ, వాటర్ ప్లాంట్ల డబ్బాలూ వచ్చాక చెరువు తాగునీటిది అన్న సంగతి కుర్రవాళ్లకి వింతగా ఉంది. కానీ చాలా ఊళ్లలో ఆ పైపుల్లోకి పోయేదీ వేసవికి నింపిన చెరువు నీరే. నడుమ ఒక ఫిల్టరు వచ్చింది, అంతే తేడా.

అదే మట్టి ఇంట్లోకీ వచ్చింది. పేడతో కలిపి అలికిన అరుగు, పొయ్యి, ధాన్యం గాదెకి పూత, పాక గోడ. కుమ్మరి చక్రం మీదికి కూడా చెరువు మట్టే వెళ్లేది. ఒట్టి నల్లబంకతో కుండ చేస్తే ఆరేటప్పుడే ముడుచుకుని పగులుతుంది. అందుకే కుమ్మరులు దాంట్లో సన్నటి ఇసుకో, వేరే మట్టో కలిపి, కాళ్లతో తొక్కి, రాళ్లూ వేళ్లూ ఏరి, ఆరబెట్టి అప్పుడు ఆవంలో పెడతారు. ఆ తొక్కడం, ఏరడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పనే. చక్రం తిప్పినవాడే కుమ్మరి అనిపించుకున్నాడు.

ప్లాస్టిక్ బిందె వచ్చాక ఆ పని చాలామటుకు పోయింది. పోని పని ఒకటుంది. ఆత్రేయపురం పూతరేకు ఇప్పటికీ కుండమీదే పుడుతుంది. కుండని బోర్లించి, లోపల సన్నటి మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని దాని వీపుమీద లాగితే క్షణంలో రేకు తేలుతుంది. ఇనుపపెనం మీద అది రాదు. మట్టికుండ వేడిని నెమ్మదిగా, సమానంగా ఇస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే, పొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చుని. బియ్యం పండింది పల్లపు బంకలో, రేకు తేలింది కాల్చిన మట్టి మీద. గుర్తింపు పత్రంలో పేరు మాత్రం ఊరిది, మిఠాయిది.

మన మడుగులన్నీ చిన్నవి. ఇలాంటి నేలని పెద్ద ఎత్తున చూడాలంటే కొల్లేరు చూడాలి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య మిగిలిపోయిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రంలోకి తీసుకుపోతుంది. వానాకాలం మైళ్లకొద్దీ నీళ్లు, ఎండాకాలం అంచులన్నీ ఎండి నెర్రెలు. అక్కడి లంకల్లో వడ్డీలు నీళ్లున్నన్నాళ్లూ చేపలు పట్టుకుని, నీళ్లు తగ్గాక ఎండిన సరస్సు అడుగున వరి వేసుకుని బతికారు. ఒకే నేల, ఆరు నెలలు చెరువు, ఆరు నెలలు చేను. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలకి చేపల చెరువులు ఇప్పించింది. కొల్లేటి అడుగు బంక గట్లు పోసుకోవడానికి బాగుంటుంది, పోసిన గట్టు నీళ్లు కారదు. ఆ గుణమే కొల్లేటికి చేటయింది. సొసైటీల పేరుతో మొదలైంది డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయి, సరస్సంతా గట్లతో నిండిపోయింది. 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో గట్లు పేల్చారు. గట్లు పోయినప్పుడు పెట్టుబడి పెట్టినవాళ్ల కంటే అక్కడ కూలి చేసుకునే కుటుంబాలు ఎక్కువ నలిగాయని మా అభిప్రాయం. కొన్నాళ్లకి గట్లు మళ్లీ లేచాయి.

కొల్లేటి కథని మనం పరాయి జిల్లా గొడవ అనుకోకూడదు. ఏడాదిలో కొన్ని నెలలు ఎండి కనపడే చెరువుకి ఎప్పుడూ ఒకటే ప్రమాదం: ఎండినప్పుడు అది ఖాళీ జాగాలా కనపడుతుంది. మన ఊరి కుంటలెన్ని ఇలా పోయాయో పాత రెవెన్యూ పటం పక్కన పెట్టి లెక్కవేసుకోవచ్చు. చెరువులూ కుంటలూ ఊరందరి ఆస్తి, ఎండిపోయాయన్న పేరుతో ఇళ్లస్థలాలకి ఇవ్వడానికి వీల్లేదు అని 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రామసభలో ఈ తీర్పు పేరు చెప్పండి. పనికొస్తుంది.

ఇక నీళ్లు పోవడం గురించి. కాటన్ దొర నీళ్లు తెచ్చే ఏర్పాటు చేశాడు, నీళ్లు పోయే ఏర్పాటు అంత బాగా జరగలేదు. బంకనేల నీటిని కిందికి దిగనివ్వదు కాబట్టి, ఎక్కువైనది పక్కకే పోవాలి, డ్రైన్లలోకి. డ్రైను పూడితే, గుర్రపుడెక్క అడ్డంపడితే, చేను మళ్లీ పాత మడుగు అయిపోతుంది. 1960ల్లో మిత్రా కమిటీ రెండు డెల్టాల మురుగు కాలవల గురించి వివరంగా రాసింది. కొన్ని పనులు జరిగాయి, చాలా ఆగిపోయాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, మురుగు, అన్నీ కారణాలే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పత్రికలన్నీ రైతు గురించి రాశాయి. ఊడ్పులు లేక, కోతలు లేక ఆ ఏడు కూలి పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి రాసింది తక్కువ. మన సంఘాల వాయిదాలు ఆ ఏడు ఎందుకు వెనకబడ్డాయో పాత పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది.

పంట విరామం ఒక ఏడుతో పోతుంది. ఉప్పు అలా పోదు. 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. బంకనేల నీళ్లు పట్టి ఉంచుతుందని దాన్నే ఎంచుకున్నారు, ఉప్పునీళ్లు తోడి పెట్టారు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను సముద్రపు నీటిని కూడా తీరపు చేలమీదికి తోసింది. వేయిమందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు వరసలకి వరసలు పడిపోయాయి. అదే ఏడు డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. తర్వాత చట్టాలు మారాయి, 2005లో తీర ఆక్వా సాగుకి వేరే చట్టం వచ్చింది, చెరువులు లోపలి మండలాలకి కూడా జరిగాయి.

ఇసుకనేలలో ఉప్పు పడితే నాలుగు గట్టి వానలకి కడుక్కుపోతుంది. బంకలో అలా కాదు. ఉప్పులోని సోడియం ఆ రేకులకి అంటుకుపోతుంది. అంటుకున్నాక రేకులు ఒకదాన్నొకటి పట్టుకోవు, విడిపోయి నీళ్లలో తేలతాయి. సందులన్నీ మూసుకుపోతాయి. అప్పుడు వాననీరు లోపలికి దిగదు, దిగకపోతే ఉప్పు కడగబడదు. చౌడు ఇలాగే పుడుతుంది. జిప్సం చల్లితే దానిలోని కాల్షియం సోడియాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది. ఆ తర్వాత మంచినీళ్లు నిలగట్టి డ్రైనులోకి వదలాలి, మళ్లీ కట్టాలి, మళ్లీ వదలాలి. డ్రైను పనిచేస్తేనే ఇది కుదురుతుంది. పక్కచేను రొయ్యల చెరువయితే అసలు కుదరదు, ఎందుకంటే గట్టు కిందనించి ఊట వస్తూనే ఉంటుంది. ఎకరం కౌలుకి ఎక్కువ డబ్బు వస్తుందని చేను చెరువుకి ఇచ్చేటప్పుడు, తిరిగి చేను చేసుకోవడానికి ఎంతవుతుందో కూడా కాగితం మీద రాసుకోమని మన సభ్యులకి చెబుతున్నాం. భూమి మొగుడి పేర ఉన్నా అప్పు సంతకం మనది కూడా కదా.

ఇటుకబట్టీ సంగతీ అలాంటిదే. బట్టీకి చేలో పైమట్టి అమ్ముతారు, చేను పల్లమవుతుంది, సత్తువంతా ఉన్నది ఆ పై జానెడులోనే. గోదారి ఒకప్పుడు ఏటా వరదతో కొత్త పొర వేసేది. ఇప్పుడు పైన వరసగా జలాశయాలు, ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. ఇక్కడ గట్లు పోశాం కాబట్టి వచ్చే కాస్త ఒండ్రూ చేలోకి రాకుండా సముద్రానికి పోతోంది. అమ్మిన జానెడు మన కాలంలో తిరిగి రాదు.

ఇక మొదట చెప్పిన చెరువు మాట. పూడిక తియ్యాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. మెత్తటి పూడికమట్టి మెరక చేలకీ కొబ్బరి మొదళ్లకీ మంచి ఎరువు, ఇసుకనేలకి నీళ్లు పట్టే గుణం ఇస్తుంది. ఉపాధి హామీ పనిగా తీసినచోట కూలి మనకొచ్చింది, మట్టి మన తోటలకొచ్చింది. చిక్కల్లా యంత్రాలు దిగినచోట. మట్టికి రేటు ఉంటే లోతుకి హద్దు ఉండదు. పూడిక అయిపోతుంది, దాని కింద గట్టి బంక వస్తుంది, అదీ లారీ ఎక్కుతుంది, చివరికి ఇసుక కనపడుతుంది. మూత పోయిందన్నమాట. అటుపైన చెరువు నింపిన వారానికే దిగిపోతుంది, లేదా కిందనించి ఉప్పునీరు పైకి కలుస్తుంది. మా గ్రామాల్లో ఒక చెరువుకి ఇలాగే అయింది. ఇప్పుడు అక్కడివాళ్లు మార్చి నెలాఖరునించీ నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెడుతున్నారు.

అందుకని ఈ ఏడు కార్యవర్గం తీర్మానం చేసింది. ఏ ఊళ్లో చెరువు పని మొదలైనా ముందుగా చెరువులో ఐదుచోట్ల గునపంతోనో, పైపుతోనో లోతు చూడాలి. మెత్తటి పూడిక ఎంత, దాని కింద గట్టి బంక ఎంత, ఇసుక ఎక్కడ తగిలింది, మూడూ గ్రామ సంఘం పుస్తకంలో రాయాలి, పంచాయతీకి ఒక నకలు ఇవ్వాలి. బంక తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గుప్పెడు మట్టిని తడిపి అరచేతుల మధ్య తాడులా పేనండి. తెగకుండా వేలెడు పొడుగు సాగి, చుట్ట చుట్టినా పగలకపోతే అది బంక, దాన్ని ముట్టుకోవద్దు. పేనుతుండగానే విరిగిపోతే ఇసుక కలిసిందని అర్థం, పని అక్కడితో ఆపించండి. ఈ పరీక్ష నేర్పడానికి ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరిని, వీలైతే ఊడ్పుల జట్టు నడిపే ఒకామెనీ కుమ్మరి ఇంటి ఆమెనీ, పంపమని కోరుతున్నాం. కాలవలు కట్టేసేలోపు అన్ని చెరువుల లెక్కా సమాఖ్య ఆఫీసుకి చేరాలి.